ఏకహెడ్‌సెట్టీయం

తొలిమొక్కు వినాయకుడికే చెల్లాలి. ఈ కావ్యంలో మాత్రం అది ఎక్స్‌టెన్షన్ బాక్సుకు. నాలుగు సాకెట్లతో చతుర్ముఖుడై, ఎర్రదీపంతో ఫాలాక్షుడై, చుట్టలు చుట్టుకున్న వైరు మీద శేషశాయియై, ప్లగ్గు కాస్త వదులైతే చాలు లోకాలన్నిటినీ ఒక్కసారిగా చీకటి చెయ్యగల ఆ త్రిమూర్తి స్వరూపం మమ్మల్ని రక్షించుగాక. రెండో మొక్కు హెడ్మాస్టరు గారి మొబైల్ హాట్‌స్పాట్‌కు. రోజుకు రెండు జీబీలకు మించి దానం చెయ్యలేకపోయినా ఇచ్చినంతలో కర్ణుడే. మూడో మొక్కు సరస్వతీదేవికి. ఆవిడేమీ అనుకోదు. ఆఫీసు గదిలో నాయకుల ఫొటోల తర్వాత మూడో మేకుకే ఆవిడ పటం వేలాడుతోంది, అలవాటైపోయింది.

కుకవినింద లేనిదే ప్రబంధం కాదు కాబట్టి అదీ కానిద్దాం. ‘సుద్దముక్క ఉండగా ఈ వీఆర్ హెడ్‌సెట్ ఎందుకు’ అనే వర్గం ఒకటి. ‘ఇది వచ్చాక సుద్దముక్క ఎందుకు’ అనే వర్గం మరొకటి. మొదటి వర్గం హెడ్‌సెట్ పెట్టుకుని చూడలేదు, రెండో వర్గం సుద్దముక్క పట్టుకుని చూడలేదు. ఇద్దరినీ గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పగించి లోపలికి పోదాం.

గోదావరి పాయ పక్కన, కొబ్బరితోటల నడుమ, ఒకానొక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల కలదు. పురవర్ణన ఇంతే. అసలు పురం వేరే ఉంది, దాన్ని ముందుముందు చూడబోతున్నాం.

ఆ బడిలో చదువుకుని అమెరికాలో స్థిరపడిన ఒకాయన సంక్రాంతికి ఊరొచ్చి, శాలువా కప్పించుకుని, ప్రతిగా ఒక తెల్లని అట్టపెట్టె సమర్పించాడు. మూత తెరుచుకుంది. పాలకడలి చిలికినప్పుడు ఇంత నిశ్శబ్దంగా ఎవరైనా చూశారో లేదో గానీ, స్టాఫ్‌రూము అంతా ఊపిరి బిగబట్టింది. పాంచజన్యపు తెలుపు. నలుమూలలా నాలుగు కెమెరా కళ్ళు. వెనక మూడు పాయల పట్టీ. లోపల నల్లటి గుహలో జంట సూర్యచంద్రుల్లా రెండు కటకాలు. బరువు 503 గ్రాములు; అరకిలో చక్కెర పొట్లాన్ని నుదుటికి కట్టుకుని పాఠం వినే విద్య అంతకు ముందు ఏ గురుకులంలోనూ లేదు. ఇరుపక్కల ఇద్దరు కంట్రోలర్లు, రామలక్ష్మణుల్లాంటివాళ్ళు, ఒక్కొక్కరికీ ఒక్కో పెన్సిల్ సెల్లు ఆహారం. పెట్టెలో వచ్చిన సెల్లుల్లో ఒకటి వారం తిరక్కుండానే వీరస్వర్గం చేరితే, అటెండరు గారు స్టూలెక్కి ఆఫీసు గోడగడియారం సెల్లు ఊడదీసి కొత్త వీరుడికి తొడిగారు. గడియారం పదకొండూ పదికి ఆగిపోయింది. కాలాన్ని నిలబెట్టినవారు పురాణాల్లో కొందరున్నారు. జిల్లా పరిషత్ సర్వీసులో ఈయనొక్కరే.

నాయకుడి వంశం తక్కువది కాదు. మూలపురుషుడు చార్లెస్ వీట్‌స్టన్. కుడికంటికో బొమ్మ, ఎడమకంటికో బొమ్మ వేరువేరుగా చూపిస్తే మెదడు ఆ రెంటినీ కలిపి లేని లోతును పుట్టిస్తుందని 1838లో లండన్ రాయల్ సొసైటీకి తెలియజేశాడు. వంశరహస్యం ఇదొక్కటే. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా దానికి వేగం చేర్చారు, ధర చేర్చారు. వీట్‌స్టన్ వాడిన అద్దాల చోట 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాలు పెట్టాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో విక్టోరియా రాణి చూసి మెచ్చుకోవడంతో రాజాశ్రయం లభించింది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వ్యూమాస్టర్ అవతరించి, గుండ్రటి అట్టకు ఏడు జతల బొమ్మలు తగిలించుకుని, టక్కుమని మీట నొక్కుతూ పిల్లల లోకాన్ని జయించాడు. 1968లో ఐవన్ సదర్లండ్ తలకు తొడిగే తెరనే నిర్మించాడు. అది ఎంత బరువంటే మెడ మొయ్యలేక పైకప్పు నుంచి వేలాడదియ్యాల్సి వచ్చింది. గ్రీకుల కథలో డెమొక్లీజ్ అనేవాడి నెత్తిమీద వెంట్రుకకు వేలాడిన కత్తి పేరు దానికి స్థిరపడింది. 2012లో పామర్ లకీ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు తన కళ్ళజోడు కోసం జనం దగ్గర చందాలెత్తాడు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసుకుంది. అదే ఏడు గూగుల్ వారు అట్టముక్కను మడిచి ఫోను దోపి బీదల పక్షాన నిలబడ్డారు. 2015లో ‘ఎక్స్‌పెడిషన్స్’ పేరిట తరగతి తరగతినీ లోకయాత్రకు బయల్దేరదీశారు. 2021లో ఆ రథాన్ని షెడ్డులో పెట్టేశారు. సామ్రాజ్యాలు ఇలాగే పోతాయి. కాకపోతే, మౌర్యులు పోయినా శిలాశాసనాలు మిగిలాయి, ఇక్కడ లాగిన్ కూడా మిగల్లేదు.

తెలుగువాళ్ళకు మాత్రం ఈ వంశంతో మేనరికం 1957 నాటిది. ‘మాయాబజార్’లో శశిరేఖ ‘ప్రియదర్శిని’ మూత తెరవగానే అభిమన్యుడు కనబడలేదూ! చందాలు లేవు, ఛార్జరు లేదు, అప్‌డేటు అంతకంటే లేదు.

అప్‌డేటు అన్నాను గనుక తపోవర్ణన. పెట్టె తెరిచిన రోజే వీరుడు యుద్ధానికి దిగుతాడనుకున్నారు. వీరుడు కన్ను తెరిచి, తెల్లటి తెరమీద ఒక సన్నని గీత గీసి, సమాధిలోకి వెళ్ళిపోయాడు. హాట్‌స్పాట్ దానం మధ్యాహ్నానికి అడుగంటింది. పీఈటీ సారు తన ఫోను ఇచ్చారు. గీత జానెడు జరిగింది. లెక్కల సారు ఇచ్చారు, బెత్తెడు జరిగింది. భగీరథుడు గంగకోసం నిలుచున్నది ఒంటికాలి మీద. సైన్సు మేడం నిలుచున్నది కాంపౌండు గోడ పక్కన సిగ్నల్ దొరికే ఒకే ఒక్క కొబ్బరిచెట్టు కింద, తలమీద పుస్తకం అడ్డం పెట్టుకుని. ఎవరి తపస్సు ఉగ్రమైందో కొబ్బరికాయలకే తెలియాలి.

ఈలోగా స్టాకు రిజిస్టరులో పట్టాభిషేకం జరిగింది. క్లర్కు గారు ఎర్రసిరాతో గీత గీసి, నీలిసిరాతో ‘వి.ఆర్. కళ్ళజోడు – 1 (అక్షరాల ఒకటి మాత్రమే)’ అని రాసి, హెడ్మాస్టరు గారి సంతకం తీసుకుని, నాయకుణ్ణి బీరువాకు తరలించారు. ఆ బీరువా పాతాళలోకం. పైఅరలో ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు, వాసుకిలా తోక చుట్టుకుని ఉంది. దాని కింద నోరు తెరిచిన టేప్‌రికార్డరు, ఇరుసు ఊడిన గ్లోబు, కడుపులో బంతి లేని మౌసులు. 1975–76లో ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు కురిపించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ కాలపు వీరులు ఇంకా లోతైన ఏ లోకాన ఉన్నారో. తలుపు మూసుకున్నాక ప్రొజెక్టరు కొత్తవాడితో అందిట: “మేమూ కొబ్బరికాయ కొట్టించుకునే వచ్చాం బాబూ. కూర్చో.”

మర్నాడు సూర్యోదయం. ప్రబంధాల్లో సూర్యోదయం శుభం. ఇక్కడ సూర్యుడే ప్రతినాయకుడు. హెడ్‌సెట్టును కిటికీ పక్కన వెల్లకిలా పెడితే ఎండ ఆ కటకాల గుండా లోపలికి దిగి తెరమీద చుక్కగా కూడుకుని కాల్చేస్తుంది. భూతద్దంతో కాగితం కాల్చిన ప్రతి కుర్రాడికీ తెలిసిన శాస్త్రమే. అందుకని మేడం కిటికీ తలుపులన్నీ వేయించి, గెడ విరిగిన ఒకదానికి గోనెపట్టా కట్టించారు. పదో తరగతి ఏ సెక్షన్‌లో పట్టపగలు చీకటి పడింది. తర్వాత చేత కంట్రోలరు పట్టి, ప్లాస్టిక్ కుర్చీ చుట్టూ నేలమీద గీత గీశారు. అది లోపలున్నవాళ్ళకే కనిపించే లక్ష్మణరేఖ. దాటితే వలలాంటి గోడ లేచి హెచ్చరిస్తుంది. హెచ్చరించకపోతే బీరువా తగులుతుంది అని అటెండరు గారు తన అనుభవం జోడించారు.

సేన మోహరించింది. నలభై మంది, ఒక్క శిరస్త్రాణం, నలభై అయిదు నిమిషాల పీరియడు. తలకు బిగించి, కళ్ళ మధ్య దూరానికి తగినట్టు కటకాలు జరిపి, మసక పోగొట్టే సరికే మనిషికి రెండు నిమిషాలు. ఇంకో నిమిషం స్వర్గం చూపించినా నలభై మందికి నూట ఇరవై నిమిషాలు. లెక్కల సారు గుమ్మంలోంచి ఈ లెక్క చెప్పి, పరిష్కారం చెప్పకుండా వెళ్ళిపోయారు. వయసు అడ్డు లేదు. మొదట్లో పదమూడేళ్ళు నిండాలన్న, ఈ హెడ్‌సెట్ తయారుచేసిన మెటా కంపెనీ, 2023లో తల్లిదండ్రుల అజమాయిషీలో పదేళ్ళవాళ్ళకూ తలుపు తీసింది. అడ్డొచ్చినవి జడలు. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టి కనకాంబరాలు తురుముకున్న తలమీద మూడు పాయల పట్టీ బిగించడం ఏ విశ్వకర్మకూ సాధ్యం కాదు. ఆ పనికి ఇంటర్ పూర్తిచేసి ఖాళీగా ఉన్న ఆయమ్మ కూతురు వచ్చింది. పూలు తీయించకుండా, జడల సందులోంచి పట్టీ పోనిచ్చి, దువ్వెన పిన్నుతో నిలబెట్టింది. కాలిఫోర్నియాలో దీని నమూనా గీసినవాళ్ళ ఊహకు ఈ సమస్యా రాలేదు, ఈ ఉపాయమూ రాలేదు. మొహానికి ఆనే మెత్తటి నురగదిండు మీద తొలిరోజుకే కొబ్బరినూనె, పౌడరు, ఒక ఎర్ర తిలకం చుక్క పడ్డాయి. బడి ముద్ర.

లోపలికి వెళ్ళినవారికి కనిపించిన నగరమే ఈ కావ్యపు అసలు పురం. నాలుగు మేడలు: పైన కర్ణికలు రెండు, కింద జఠరికలు రెండు. గుప్పెడంత పట్టణానికి కోటలకున్నట్టు తలుపులు, అన్నీ ఒక్కవైపుకే తెరుచుకుంటాయి. కుడివైపు ద్వారానికి మూడు రెక్కలు, ఎడమవైపు దానికి రెండు. నిమిషానికి డెబ్భై రెండుసార్లు తెరిచి మూసినా కిర్రుమనవు, నూనె అడగవు. వీధుల్లో పౌరులు ఎర్రకణాలు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఏడు భాగాలంత వెడల్పు, నూట ఇరవై రోజుల ఆయుష్షు, సెలవుల్లేవు. ఎముకల్లో పుట్టి జీవితమంతా ప్రాణవాయువు మోసి ప్లీహంలో రాలిపోయే వాళ్ళ కథను మన మహాకవులెవరూ చెప్పలేదు. హృదయాన్ని గురించి అన్ని పద్యాలు చెప్పారు గానీ కవాటాల ఊసెత్తలేదు.

మొదటి అయిదుగురూ లోపల “అబ్బా” అన్నారు, బయటికొచ్చి “సూపరుందండి” అన్నారు. ఏం చూశావే అంటే “గుండెండి” అన్నారు. ఆరోవాడి దగ్గర యుద్ధం మొదలైంది.

కన్నుకూ చెవికీ యుద్ధం. కన్ను మహారాజు ప్రకటించాడు: “మనం ధమనీమార్గాన వాయువేగంతో పోతున్నాం!” లోపలిచెవిలో మూడు అర్ధవృత్తాకార కుల్యలు, వాటిలో ద్రవం. అక్కడి సామంతుడు తొణక్కుండా బదులిచ్చాడు: “అబద్ధం. మనం రెండో బెంచీ పక్కన కుర్చీలో కూర్చున్నాం.” ఒకే ఒంట్లోంచి రెండు శాసనాలు. మెదడు మంత్రి ఇద్దరి ముఖాలూ చూసి, ఇలాంటి పరస్పర విరుద్ధ వార్తలు విషం తిన్నప్పుడే వస్తాయని పాత గ్రంథాల్లో ఉన్నట్టు, పొట్టకు అత్యవసర సమాచారం పంపాడు. (ఇది శాస్త్రవేత్తల ఊహల్లో ఒకటి, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.) ఇది చాలదన్నట్టు, తల తిరగడానికీ బొమ్మ తిరగడానికీ మధ్య సుమారు ఇరవై మిల్లీసెకన్లు దాటితే శత్రువుకు ఇంకో అక్షౌహిణి తోడవుతుంది. దగ్గరకొచ్చిన కణం మీదికి కళ్ళు రెండూ వాలినా, చూపు మాత్రం కటకం నిర్ణయించిన ఒకే దూరాన నిలవాలి. అది మరో అక్షౌహిణి. మయసభలో నేలను నీరనుకుని పంచె ఎగగట్టిన దుర్యోధనుడి అవస్థ ఇదే, పాపం అతణ్ణి చూసి నవ్వారు. ఆరోవాడి మొహం తెల్లబడింది. నుదుట చెమట. మేడం చటుక్కున హెడ్‌సెట్ లాగేసి, గోనెపట్టా తీసి, కిటికీ దగ్గర నిలబెట్టి దూరంగా కొబ్బరిచెట్టును చూడమన్నారు. చెట్టు కదల్లేదు. కన్నూ చెవీ ఒకేమాట మీదికొచ్చాయి. సంధి.

అప్పటికి పీరియడులో ఇరవై నిమిషాలు మిగిలాయి, ముప్ఫైనాలుగు మంది మిగిలారు, వరుస వెనక నెట్టుకోవడం మొదలైంది. మేడం బల్లమీద డస్టరుతో కొట్టారు. “ఎవరూ లేవక్కర్లేదు. ఒక్కడే పెట్టుకుంటాడు. వాడు చూసింది చూసినట్టు చెప్తాడు. మిగతావాళ్ళు రాసుకోండి.” చివరి బెంచీ వైపు వేలు చూపించారు. ఆ వేలి చివర ఉన్నవాడు హాజరు పలకడానికి తప్ప నోరు తెరవనివాడు.

ఇంతకు ముందు ఈ ఏర్పాటు ఒక్కసారే జరిగింది. యుద్ధం చూస్తావా, చూపిస్తానని వ్యాసుడు అడిగితే, నావాళ్ళ చావు చూడలేనన్నాడు ధృతరాష్ట్రుడు. దివ్యదృష్టి సంజయుడికి దక్కింది. ఒకడు చూశాడు, ఇంకొకడు విన్నాడు, లోకానికి మహాభారత యుద్ధం దొరికింది. హెడ్‌సెట్ రెండోది కొనే అవసరం హస్తినాపురానికి రాలేదు.

సంజయుడు గొంతు సవరించుకున్నాడు. “పెద్ద గదండి. గోడలు కదుల్తన్నాయండి. పైనుంచి వచ్చి పడతన్నాయండి... గుండ్రంగా, మధ్యలో బొటనవేలితో నొక్కిన పిండిముద్దల్లాగా...”

“రంగేంట్రా?” ధృతరాష్ట్రుల్లో ఒకడు.

“నీలంరా. నీలంగా ఉన్నాయండి మేడం.”

మేడం ఆపారు. “అది బొమ్మ గీసినవాళ్ళు గుర్తుకోసం వేసిన రంగు. మనిషి రక్తం ఎక్కడా నీలంగా ఉండదు. ఆక్సిజన్ తగ్గితే ముదురెరుపు, అంతే. రాసుకోండి.” మాయ ఎంత గట్టిగా కళ్ళకు ఆనితే దాని అబద్ధం అంత గట్టిగా అతుక్కుంటుంది; బొమ్మ పక్కన ఒక మేడం ఉండాలి.

“కింద తలుపుందండి. రెక్కలు... మూడండి. తెరుచుకుందండి. అమ్మో, పడిపోతన్నానండి... మూసేసుకుందండి. ఎనక్కెల్దామంటే తీసుకోట్లేదండి.”

“మూడు రెక్కలైతే కుడివైపురా!” మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచి నిలబడింది. “జఠరికలో ఉన్నావు నువ్వు!”

ఉన్నచోటు అతనికి తెలీదు, ఆ అమ్మాయికి తెలిసింది. అతను చూస్తున్నాడు గానీ అతని చేతిలో పుస్తకం లేదు. ఆమె చేతిలో పుస్తకం ఉంది గానీ ఆమె చూడటం లేదు. ఇద్దరూ కలిస్తే ఒక పాఠం. ముప్ఫైతొమ్మిది కలాలు గరగరా నడిచాయి.

మేడానికి తెలియకపోవచ్చు గానీ, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా అనే ఆశ్రమంలో ఇద్దరు ఋషులు ఈ యజ్ఞం ముందే చేసి ఉన్నారు. జోసెలిన్ పరాంగ్, రిచర్డ్ మేయర్ 2018లో ప్రచురించిన పరిశోధనలో కొందరు విద్యార్థులకు రక్తనాళాల్లో విహరించే వీఆర్ పాఠం ఇచ్చారు, కొందరికి అదే సంగతులతో స్లైడ్లు చూపించారు. వీఆర్‌లో విహరించినవాళ్ళకు ఉత్సాహం ఎక్కువ, పరీక్షలో మార్కులు స్లైడ్లవాళ్ళకు ఎక్కువ. తర్వాత వీఆర్ పాఠాన్నే ముక్కలు చేసి, ప్రతి ముక్క తర్వాత చూసింది సొంతమాటల్లో చెప్పించారు. అలా చెప్పినవాళ్ళు చెప్పకుండా చూసేసినవాళ్ళను మించారు. గుయిడో మక్రాన్‌స్కీ, ఆయన సహచరులు 2019లో వీఆర్ ప్రయోగశాలతో చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: అక్కడే ఉన్నామన్న భ్రమ పెరిగింది, నేర్చుకున్నది తగ్గింది. ఈ ఫలితాలు చూసి హెడ్‌సెట్టును పాతాళానికి పంపనక్కర్లేదు. మూడు రెక్కల తలుపు మీదపడి మూసుకోవడం స్లైడులో కుదరదు. కాకపోతే, లోపల నోరు మూసుకుని కూర్చోబెట్టే విక్రేతల ప్రకటనలకంటే, నోరు తెరిపించే డస్టరుదెబ్బకు శాస్త్రబలం ఎక్కువగా ఉందని మాత్రం తేలింది.

సంజయుడు జఠరిక దాటి, మూడు అర్ధచంద్రాకారపు రెక్కల మధ్యనుంచి బయటపడి, ఊపిరితిత్తుల దారిపట్టాడు. అంతవరకూ మాట తడబడలేదు. మధ్యలో ఒక్కసారి మేడం పేరు పెట్టి పిలిస్తే ‘ఉండండి మేడం’ అన్నాడు. ఆ ధిక్కారాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా రక్తం గాలిని కలవబోయే చోట తెర నల్లబడింది. వీరుడి బ్యాటరీ.

కబురు అప్పటికే గోడ దాటింది. బి సెక్షన్ సేన గుమ్మంలో కమ్ముకుని ఉంది: మాకేదండి, మాకెప్పుడండి. ఛార్జింగు పెడదామంటే కరెంటు లేదు. మేడం సంజయుడి చేతిలో సుద్దముక్క పెట్టి బి సెక్షన్‌కు తోలారు. వాడు వాళ్ళ బోర్డుమీద గుండె గీశాడు. గుండెలా లేదు, పనసకాయలా ఉంది. కానీ తలుపులున్నాయి, రెక్కలు లెక్క తప్పలేదు, బాణం గుర్తులు ఒక్కవైపుకే ఉన్నాయి. పడిపోయిన చోట తనూ కాస్త వంగి చూపించాడు. నీలంరంగు అబద్ధమని కూడా చెప్పాడు.

“మరి ఊపిరితిత్తుల్లోకి ఎల్లాక ఏమవుద్దిరా?” ముందు బెంచీవాడు అడిగాడు.

“అక్కడికెల్లేసరికి ఛార్జింగైపోయిందిరా.”

“అయితే నీకూ తెలీదా?”

“పుస్తకంలో ఉండుద్ది గదరా, తియ్యి. పేజీ ఎంతో ఆ మూడో బెంచీ అమ్మాయిని అడిగొస్తా.”